మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితము - వినియోగము, వ్యర్థము

మన గ్రంథాలయము స్థాపింపబడి ఇరువదియైదు సంవత్సరములు నిండిన శుభసందర్భమున వెలువడుచున్న ఈ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. నేను పండితుడను కాను. పగలు లెక్కలు వ్రాసికొని, రాత్రులు నిఘంటువు ప్రక్కన బెట్టుకొని భారతమును, వసుచరిత్రమును ఒంటరిగా చదువుకొన్నవాడను. కావున ఏ కవిచరిత్రమో వ్రాయుదునని మిత్రులు తలచియుందురు. కాని వయసు మీఱినకొలది నాకొక సంగతి తోచుచున్నది. కవులను గొనియాడువారు మనలో పలువురు గలరు. ఒక చుక్క నీరు ఎక్కడ పుట్టి ఎక్కడ వృథాయగుచున్నదో లెక్కగట్టిన వానిని తలచుకొనువారు తక్కువ. అందుచేత శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితమును నాకు తెలిసినంతలో విన్నవించుకొనుచున్నాను.

ఇంటి పేరే ఆయన పూర్వుల ఊరిని చెప్పుచున్నది. గిద్దలూరు ప్రాంతమున మోక్షగుండమను గ్రామము కలదు. ఆయన పూర్వులు కొన్ని తరములకు ముందు అచ్చటనుండి మైసూరు సీమకు తరలిపోయిరి. ఇంట మాటలాడునది తెలుగు, ఊరివారితో మాటలాడునది కన్నడము. చిక్కబళ్ళాపురమునకు సమీపమందలి ముద్దెనహళ్ళిలో 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఆయన జన్మించెను. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఇంట విద్య కలదు గాని ధనము లేదు. బాలుడు పదునైదేండ్ల ప్రాయమువాడై యుండగనే తండ్రి గతించెను. పిదప బెంగళూరు చేరి, ఒక ధనికుని పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ సంపాదనతోనే సెంట్రల్ కాలేజీలో చదివి, 1881లో బి.ఏ. పట్టము నందెను. మైసూరు ప్రభుత్వము వారి విద్యార్థి వేతనముతో పూనా చేరి ఇంజనీరింగు చదివి, 1883లో ఆ పరీక్షలో మొదటివాడుగ నిలిచెను. మఱుసటి యేడు బొంబాయి ప్రభుత్వమువారి మరామత్తు శాఖలో సహాయ ఇంజనీరుగ కుదిరెను.

పాఠక మహాశయులారా, ఇట్టి బాల్యము మనదేశమున వేలమంది గొప్పవారి చరిత్రములలో కనబడును. దానిని గూర్చి విస్తరింపను. ఆయన చేసిన పనులలో నన్నాకర్షించిన రెండు మూడింటి యొద్ద మాత్రము కొంచెము సేపు నిలువవలెనని నా కోరిక.

సింధు రాష్ట్రమున, ఇప్పుడు పాకిస్తానమునందున్న సుక్కూరు పట్టణమునకు త్రాగునీరు సమకూర్చు పని ఆయనకప్పగింపబడెను. సింధునది ప్రక్కనే ప్రవహించుచున్నను ఆ నీరు బురద. దానిని వడకట్టు తొట్లు కట్టుటకు పురపాలక సంఘమువారి యొద్ద చాలినంత ధనము లేదు. నది తన గర్భమున ఇసుకను పఱచుకొనియే యున్నది గదా, వడకట్టు పనికి మఱియొక కట్టడమెందుకని ఆయన ఆలోచించెను. నదీగర్భముననే బావి త్రవ్వించి, ఇసుకగుండ వడిసి వచ్చిన తేట నీటిని పట్టణమునకెక్కించెను. 1895 నాటికి ఆ పని ముగిసెను. మన వాగులలో వేసవియందు చెలమలు త్రవ్వుకొని నీరు తోడుకొనువారికి ఈ యుపాయము క్రొత్తది కాదు. కాని చెలమలో నున్న సత్యమును ఒక పట్టణమునకు సరిపోవు కొలతలోనికి తెచ్చుటయే ఆయన గొప్పదనము. ప్రకృతి ఉచితముగా చేసిపెట్టుచున్న పనిని మరల ధనము వెచ్చించి చేయుట వ్యర్థమని ఆయన తొలినాళ్ళలోనే గ్రహించెను.

1898లో ఆయన సెలవు పెట్టి, తన ఖర్చులతో జపాను దేశమునకు పోయి అచ్చటి విద్యాలయములను, పరిశ్రమలను చూచి వచ్చెను. అదే కాలమున ఆ దేశమందు సకిచి టయోడా యను వడ్రంగి కుమారుడు మరమగ్గములను నిర్మించుచుండెను. వీరిరువురు కలిసికొనిరని నేననుట లేదు. అయినను వారి బుద్ధులు నడచిన త్రోవ ఒక్కటే. టయోడా మగ్గములోని విశేషమేమనగా, దారము తెగినంతనే మగ్గము తనంత తాను నిలిచిపోవును. తెగిన దారముతో నేసిన గుడ్డ వ్యర్థమే గదా. దానిని కాచుకొనుటకై ఒక్కొక్క మగ్గము చెంత ఒక్కొక్క మనిషిని నిలువబెట్టుటయు వ్యర్థమే. ఆ కుటుంబమువారే తరువాత మోటారుకార్ల కర్మాగారమును స్థాపించిరి. అందు తయీచి ఓనో యను నాతడు, 1990లో గతించినవాడు, కర్మాగారములలో జరుగు వ్యర్థములను ఏడు విధములుగ విభజించి చెప్పెను. అవసరమునకు మించి తయారుచేయుట, పని లేక వేచియుండుట, ఊరక మోయుట, అక్కఱకు మించిన మెఱుగులు దిద్దుట, సరకు పోగుచేసి నిలువయుంచుట, అనవసరముగ అటునిటు కదలుట, తప్పు చేసి దిద్దుకొనుట అనునవి యా యేడు. కొనువానికి దేనివలన ప్రయోజనము చేకూఱునో అది మాత్రమే విలువ. తక్కినది యెంత చెమటోడ్చి చేసినను వ్యర్థమని ఆయన తాత్పర్యము. లోకమంతయు నేడు దీనిని కళాశాలలలో పాఠముగ చదువుచున్నది.

ఇప్పుడు విశ్వేశ్వరయ్యగారి తలుపుల సంగతి వినుడు. పూనా నగరమునకు నీరొసగునది ఖడక్‌వాస్లా జలాశయము. అప్పటి పేరు ఫైఫ్ చెఱువు. వానకాలమున అది నిండి, ప్రతి సంవత్సరము అలుగు పొరలి నీరు వెలుపలికి పోవుచుండెను; వేసవి వచ్చుసరికి నీరు చాలకుండెను. మన పెద్ద చెఱువుల ఆయకట్టుదారులందఱికి తెలిసిన బాధయే ఇది. శ్రావణమున అలుగు దుముకునప్పుడు చూడ వేడుక, మాఘమున తూము ముందు కూర్చుండినప్పుడు దుఃఖము. కట్టను ఇంకను ఎత్తు చేయుదమన్నచో ఖర్చెక్కువ; ఆ పాత కట్టడము అంత బరువును తాళునో తాళదో యను భయము వేఱు. అలుగుమీద మామూలు తలుపులు పెట్టుదమన్నచో అర్ధరాత్రి వరద వచ్చినపుడు వానిని ఎత్తువాడెవడు? ఎత్తుట ఒక గడియ ఆలస్యమైనను కట్ట తెగును.

విశ్వేశ్వరయ్యగారు మనుష్యుని కావలి అక్కఱలేని తలుపులను కల్పించెను. నీరు హద్దువఱకు వచ్చువఱకు అవి మూసికొని యుండును. హద్దు దాటినంతనే ఆ నీటి మట్టమే వానిని తెఱచును. వరద తగ్గినంతనే తమంత తామే మూసికొనును. 1903 ప్రాంతమున వీనిని అమర్చిరి. పాత అలుగునకు పైన సుమారు ఎనిమిది అడుగుల ఎత్తున నీరు నిలుచుటకు వీలు కలిగెను. కట్టమీద ఒక్క రాయి అదనముగ పేర్పకయే చెఱువు పెరిగినది. తరువాత గ్వాలియరులోని తిగ్రా ఆనకట్టకును, మైసూరులోని కృష్ణరాజసాగరమునకును ఇట్టి తలుపులే వాడిరి. వీనిపై ఆయనకు పేటెంటు హక్కు కలదు. అయినను ప్రభుత్వోద్యోగమున నుండి కనిపెట్టినది గనుక ప్రభుత్వమునుండి దానికై సొమ్ము పుచ్చుకొనుట తగదని ఆయన వదలుకొనెను. జీతము తీసికొన్న పనికి మరల కూలి యడుగరాదని ఆయన లెక్క. ఈ లెక్క మనలో ఎంతమందికి పట్టువడినది?

తలుపులకన్న కష్టమైన పని ఇంకొకటి ఆయనకెదురయ్యెను. అది మనుష్యుల పని. పూనా ప్రాంతమున నీరా, ముఠా కాలువల క్రింద రైతులు కాలువ తలయొద్ద చెఱకు వేసి, వలసినదానికి మూడింతలు నీరు పెట్టుచుండిరి. పొలములు చవిటిపట్టి పాడయ్యెను. ఊళ్ళు తేమయెక్కి చలిజ్వరములు వ్యాపించెను. దిగువ గ్రామములవారికి మాత్రము గుక్కెడు నీరు దక్కదు. ఒకరి పొలమున నీరు రోగముగ మాఱుచుండగా ఇంకొకరి పొలమున అదే నీరు లేక పైరు ఎండుచుండెను. 1899 మొదలు విశ్వేశ్వరయ్యగారు ఒక పద్ధతిని ప్రవేశపెట్టెను. కాలువ క్రింది భూమిని ఖండములుగ విభజించి, ఆ ఖండములను తలయొద్దనే గాక అనేక గ్రామములకు పంచి, ఒక్కొక్క ఖండమున మూడేండ్ల వరుసలో కొంత చెఱకు, కొంత వరి, కొంత ఆరుతడి పైరు వచ్చునట్లు ఏర్పఱచెను. ఏ ఖండమునకు ఎప్పుడెంత నీరు విడువవలెనో ముందుగనే నిర్ణయింపబడును.

రైతులు మొదట ససేమిరా యనిరి. నిండుగ నీరు దక్కుచున్నవారు వంతునకెట్లొప్పుకొందురు? పత్రికలలోను విమర్శలు వచ్చెను. ఆయన ఉత్తరువులు జారీచేసి ఊరకుండక రైతులతో కూర్చుండి మాటలాడెను. మొదట కొలది చోట్ల చేసి చూపెను. చూచిన పిమ్మట పలువురు అంగీకరించిరి. మన సాగరు ఎడమ కాలువ చివరి భూములవారు ఈ ఘట్టమును చదివి నిట్టూర్పు విడుతురని నేనెఱుగుదును. కాలువ పేరు మాఱవచ్చును గాని తలవానికిని తుదవానికిని నడుమ నుండు తగవు మాఱదు. నీరు తక్కువగుట వేఱు, నీరు చేరకపోవుట వేఱు అను భేదమును ఆయన కొలిచి చూపెను. అంకెలు చూపినగాని నమ్మని లోకమిది.

ఇచ్చట నా స్వంత సంగతి యొకటి చెప్పుకొందును. మన్నింపుడు. నా యిరువది మూడవ యేట నేనొక కచేరీలో లెక్కల గుమాస్తాగా నుంటిని. దాని పేరు చెప్పను. ఒక రైతు విత్తనముల యప్పు నిమిత్తము అర్జీ పెట్టుకొనెను. ఆ కాగితము ఏడు బల్లలు దాటవలెను. ప్రతి బల్లయొద్ద అదే పేరు, అదే భూమి, అదే సంఖ్య మరల మరల వేఱు వేఱు పుస్తకములలోని కెక్కును. నాది నాల్గవ బల్ల. అప్పు మంజూరైన నాటికి మృగశిర పోయి ఆర్ద్రయు పోయెను. ఆయన పొలము సగము బీడు పడినది. మంజూరు కాగితమును ఆయన చేతికిచ్చినవాడను నేనే. ఆయన దానిని మడిచి తలపాగలో దోపుకొని, ఏమియు ననక పోయెను. తిట్టియున్నచో నా మనస్సు తేలికపడియుండెడిది. తరువాత నేను తేదీలన్నియు తీసి కూడితిని. ఆ కాగితముమీద నిజముగా జరిగిన పని మొత్తము గంటసేపటిది. అది కట్టలలో పడియున్న దినములు నలువదియేడు. అందు పదునొకండు దినములు నా కట్టలోనివి. నేనాదినములలో ఊరక కూర్చుండలేదు. తెల్లవారినది మొదలు వ్రాయుచునే యుంటిని. వ్రాసినదంతయు ఎవరికొఱకని మాత్రము ఎన్నడు నడుగలేదు. విశ్వేశ్వరయ్యగారి చరిత్రము అటు తరువాత నాలుగైదేండ్లకు నా చేతికి వచ్చినది. అప్పటినుండి ఆయనను చదువునప్పుడెల్ల ఆ తలపాగయే నాకు కనబడుచుండును.

1906లో ఆయనను ఏడెను రేవునకు పంపిరి. అచ్చటి నీటివసతి, మురుగునీటి పారుదల విషయమున సలహా యిచ్చి వచ్చెను. ఉన్నత పదవులు భారతీయునకు దక్కుట దుర్లభమైన దినములవి. 1908లో ఆయన ఆ కొలువు వదలి విదేశయాత్రకు వెడలెను. ఆ యాత్రలో నుండగనే హైదరాబాదునుండి పిలుపు వచ్చెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరదను గూర్చి మన తాతల కాలమువారు కథలుగ చెప్పుచుండిరి. మన ప్రాంతమప్పుడు నిజాము రాజ్యములోనిదే. ఒక్కరాత్రిలో నగరము నడుమనుండి నది పొంగి పదునైదు వేలమంది వఱకు ప్రాణములు గోల్పోయిరి. అఫ్జల్‌గంజు యొద్ద ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వఱకు బ్రతికిరనియు, ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నదనియు చెప్పుదురు. మీర్ మహబూబ్ అలీఖానుగారి ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని రావించెను. 1909 ఏప్రిలులో ఆయన వచ్చి చేరెను.

ఆయన మొట్టమొదట చేసినది నగరమును చూచుట కాదు. నదికి ఎగువనున్న చెఱువులను లెక్కించుట. ఆ పరివాహక ప్రదేశమున ఎనిమిది వందలకు చేరువగా చెఱువులుండెను. అందు రెండు వందలకు పైగా ఆ వానకు తెగినవి. ఒక చెఱువు తెగి క్రింది చెఱువు మీద పడును, అది తెగి దాని క్రిందిదాని మీద పడును. వాన యొక్కటియే నగరమును ముంచలేదు. తెగిన కట్టల వరుస ముంచినది. కట్టకు పెట్టవలసిన నాలుగు తట్టల మట్టి పెట్టక, అలుగు కొలత చూడక వదలిన చెఱువు, దిగువనున్న ఊరిపాలిటికి ఎట్టిదగునో ఇంతకంటె స్పష్టముగ చెప్పు దృష్టాంతము నాకు తెలియదు. మన ప్రాంతమున గొలుసుకట్టు చెఱువుల క్రింద బ్రదుకువారు దీనిని రెండుమారులు చదువుదురుగాక.

ఆ సంవత్సరము అక్టోబరు మొదటి తేదీన ఆయన నివేదిక నొసగెను. గోడలు కట్టి నదిని బంధించుటకంటె, నగరమునకు ఎగువన మూసీమీద నొకటి, దాని యుపనదియగు ఈసీమీద నొకటి జలాశయములు కట్టి వరదను అచ్చటనే నిలుపవలెనని అందు సూచించెను. ఆ ప్రకారమే గండిపేట యొద్ద ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను ముగిసినవి. నవాబు అలీ నవాజ్ జంగుగారు మున్నగు మన రాజ్యపు ఇంజనీర్లు ఆ పనిని కొనసాగించిరి. వారి పేరును మఱచుట కృతఘ్నత. వేలమందిని చంపిన నీరే తరువాత బహుకాలము ఆ నగరవాసుల కడవలలోనికి త్రాగునీరై చేరినది. వరద కట్టుబాటుకై ఒక ఖర్చు, త్రాగునీటికై వేఱొక ఖర్చు పెట్టుట మామూలు ఇంజనీర్లు చేయుదురు. ఆయన ఒకే ఖర్చుతో రెంటిని సాధించెను.

1909 చివర మైసూరు మహారాజుగారి కొలువున ఆయన ప్రధాన ఇంజనీరుగ చేరెను. కావేరిపై కన్నంబాడి యొద్ద కృష్ణరాజసాగరము 1911లో ఆరంభమయ్యెను. విదేశపు సిమెంటుకై ధనము పోయక, సున్నముతో ఇటుకపొడి కలిపిన సుర్ఖీనే వాడి అంతటి ఆనకట్టను లేపిరి. దాని చరిత్రము వేఱొక గ్రంథమగును గనుక వదలుచున్నాను. 1912లో ఆయన మైసూరు దివానయ్యెను. ఆ పదవి నంగీకరించుటకు ముందు బంధువులనందఱిని భోజనమునకు పిలిచి, ఎవ్వరును తనను ఏ సిఫారసులు అడుగరాదని మాట తీసికొనెనని చెప్పుదురు. ఆయన దివానుగా నున్న ఆరేండ్లలో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, మఱియు బెంగళూరు, మైసూరు పట్టణములందు సార్వజనిక గ్రంథాలయములు ఏర్పడెను. ఈ చివరి విషయమును మన గ్రంథాలయ సభ్యులు గమనింతురుగాక. ఒకడు కొని ఒకమారు చదివి పెట్టెలో పెట్టిన పుస్తకము నిలువ సరకు. నూఱుగురి చేతులు మాఱి అట్ట చినిగినది సొమ్ము.

ఆయనను గూర్చి పొగడ్తలే వ్రాసి ఊరకుండుట నాకిష్టము లేదు. 1918లో మైసూరు మహారాజుగారు, కొలువులలో వెనుకబడిన కులములవారికి తగినంత స్థానము కల్పించు విషయమున మిల్లరు అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. యోగ్యత యొక్కటే కొలతగ నుండవలెనని దివానుగారి పట్టు. మహారాజునకును ఆయనకును అభిప్రాయభేదము కలిగి, ఆ సంవత్సరము చివర ఆయన పదవి విడిచెను. పదవికై తన మాట మార్చుకొనలేదన్నది నిజమే. అయినను నా చిన్న బుద్ధికి తోచునది చెప్పెదను. కాలువ తలయొద్ద నున్నవాడు నీరు ఎక్కువ వాడుకొనుచున్నప్పుడు, తుదనున్నవానికి వంతు ఏర్పఱచి యిచ్చినవాడే ఈయన. తుదవాని పైరు చక్కగా లేదు గనుక వానికి నీరీయనని ఆయన అనలేదు. చదువు విషయమున మాత్రము ఆ లెక్కను ఎందుకు తీసికొనలేదో నాకు బోధపడదు. తరతరములుగ బడి గడప తొక్కనీయబడని యిండ్లలో ఎంత తెలివి అలుగు పొరలి పోయినదో ఎవరు కొలిచిరి? మా తండ్రిగారితో ఈ విషయమై నేను వాదించితిని. ఆయన విశ్వేశ్వరయ్యగారి పక్షము. నేను మహారాజుగారి పక్షము. వాదము తేలకయే ఆయన పోయిరి.

భద్రావతి ఇనుప కర్మాగారము కథ మన అడవి అంచువారికి రుచించును. అచ్చట ఇనుమును కరగించుటకు రాతిబొగ్గు గాక కట్టెబొగ్గు వాడిరి. 1923 జనవరిలో తొలి ఇనుము కరగెను. అంతలో లోకమున ఇనుము ధర పడిపోయి కర్మాగారము నష్టమున చిక్కెను. అప్పుడు విశ్వేశ్వరయ్యగారిని దాని పాలక మండలికి అధ్యక్షునిగ పిలిచిరి. 1929 వఱకు ఆయన ఆ భారము వహించెను. బొగ్గు కాల్చునప్పుడు మన పల్లెలలో పొగ ఆకసమున కలిసిపోవును. అచ్చట ఆ పొగను పట్టి, చల్లార్చి, అందుండి తారు, కట్టె సారాయి మున్నగు పదార్థములను తీయు యంత్రములుండెను. ఖర్చులు తగ్గించుట, పనివారికి మనవారినే తరిఫీదు చేయుట, పొగలోని సరకునుగూడ అమ్మకమునకు తెచ్చుట - ఇవన్నియు చేసి ఆయన కర్మాగారమును నిలువబెట్టెను. ఆ సేవకు తనకు రావలసిన సొమ్మును తాను ముట్టక, దానితో వృత్తివిద్యలు నేర్పు పాఠశాల పెట్టుడని కోరెను. 1943లో బెంగళూరున వెలసిన జయచామరాజేంద్ర వృత్తి విద్యాలయమునకు అదియే మూలము.

ఆయన నిత్యజీవితమును గూర్చి కథలు పెక్కు గలవు. ప్రభుత్వపు పని చేయునప్పుడు ప్రభుత్వపు కొవ్వొత్తి, తన సొంత ఉత్తరము వ్రాసికొనునప్పుడు తన కొవ్వొత్తి వెలిగించుచుండెనను కథ మన పిల్లలకును వచ్చును. ఇట్టి కథ చాణక్యునిమీదను చెప్పుదురు గనుక దాని సత్యమును గూర్చి నేను పట్టుపట్టను. ఆయన 1951లో ప్రకటించిన స్వీయచరిత్రమునందు తనను గూర్చి కంటె తాను చేసిన పనులను గూర్చియే యెక్కువ కలదు. 1934లోనే భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థిక విధానము వలయునని గ్రంథము వ్రాసెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1952లో, తొంబదియేండ్లు దాటిన వయస్సున, గంగానదిపై వంతెన ఎచ్చట కట్టవలెనో నిర్ణయించుటకై బీహారునకు పోయి తీరము వెంట తిరిగెను. ఆయన పరిశీలించిన మొకామా యొద్దనే వంతెన కట్టబడి 1959లో ప్రారంభమయ్యెను. 1955లో ప్రభుత్వమువారు ఆయనకు భారతరత్న బిరుదము నొసగిరి. నూఱేండ్లు నిండిన పిదప 1962 ఏప్రిలులో బెంగళూరున ఆయన కన్నుమూసెను. పుట్టిన ఊరగు ముద్దెనహళ్ళిలోనే అంత్యక్రియలు జరిగెను. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 15వ తేదీని దేశమంతటను ఇంజనీర్ల దినముగ జరుపుచున్నారు.

మన గ్రంథాలయమున ఆయనను గూర్చి రెండు పుస్తకములు కలవు. పెద్దది నాలుగేండ్లుగ ఎవ్వరును తీసికొనలేదని తనిఖీ పుస్తకము చెప్పుచున్నది. చిన్నదానిని చాలమంది చదివిరి. అందు హైదరాబాదు వరదల ప్రకరణము తరువాత పదునాఱు పుటలు చెదలు తినివేసినవి. ఎవరి యింటనైన మంచి ప్రతి యున్నయెడల కార్యదర్శిగారికి అందజేయ ప్రార్థన. కట్టుకూలి నేనిచ్చెదను.